మాటల్లేని సినిమాకు రచయిత్రులు ఏం రాశారు?

మీ ప్రశ్నలో మూడు సందేహాలు కలిసి ఉన్నాయి. మూకీ సినిమాలో సంభాషణలే వినిపించనప్పుడు రచయితకు పనేముంటుందన్నది మొదటిది. అమెరికాలో ఆ కాలపు సినిమాలు సగం స్త్రీలే రాశారన్న మాటలో నిజమెంత అన్నది రెండోది. అంతమంది ఉంటే టాకీలు రాగానే వాళ్లంతా ఏమయ్యారు, మాటలు రాయడం చేతకాక వెనకబడ్డారా అన్నది మూడోది. వీటికి తోకగా మన దేశం సంగతి కూడా అడిగారు. సినిమా చరిత్ర పాఠాలు చెబుతూ, ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలకు మూకీలు ఎంపిక చేస్తూ చాలాకాలంగా ఈ చిత్రాలతో గడిపినవాడిగా, మూడో సందేహం వెనక ఉన్న ఊహ నిలబడదని ముందే చెప్పేస్తాను. ఆ రచయిత్రుల చేతుల్లోంచి జారిపోయింది కలం కాదు, నిర్ణయాధికారం. అది కూడా టాకీలకు కొన్నేళ్ల ముందు నుంచే జారడం మొదలైంది. అయితే ఆ సంగతి అర్థం కావాలంటే మూకీ రచన అనే పని ఎలా సాగేదో కొంత వివరంగా చెప్పుకోవాలి.

తొలినాళ్ల సినిమా ఒక్క రీలు. అంటే దాదాపు వెయ్యి అడుగుల ఫిల్ము, ఆడే వేగాన్ని బట్టి పది పదిహేను నిమిషాల నిడివి. అంత చిన్న చిత్రానికి కథ దర్శకుడి తలలో ఉంటే సరిపోయేది. కానీ 1905 తర్వాత అమెరికా పట్టణాల్లో ఐదు సెంట్ల టికెట్‌తో నడిచే నికెలోడియన్ హాళ్లు వీధివీధినా వెలిసి, బొమ్మను రోజు విడిచి రోజు మార్చడం మొదలుపెట్టేసరికి, కంపెనీలకు కథల కరువు వచ్చింది. అప్పుడు పుట్టిన కాగితమే సినేరియో. మొదట్లో అది ఒకటి రెండు పేజీల కథాసారాంశం మాత్రమే. 1910ల మధ్యకు వచ్చేసరికి సినిమాలు ఐదారు రీళ్లకు పెరిగాయి, ఖర్చు కూడా పెరిగింది. దాంతో కంటిన్యుటీ అనే పూర్తి స్థాయి రాతప్రతి తయారైంది. ప్రతి షాటుకూ ఒక నంబరు, అది ఏ సెట్టులో లేక ఏ బయలులో తీయాలి, పాత్ర ఏ గుమ్మంలోంచి వచ్చి ఏ వైపు వెళ్తుంది, ఎక్కడ దగ్గరి షాటు పడాలి, షాట్ల మధ్య తెర మీద అక్షరాలు చూపించే టైటిల్ కార్డు ఎక్కడ రావాలి అన్నవన్నీ అందులో ఉండేవి. ఒకే సెట్టులో జరిగే షాట్లన్నీ కలిపి ఒకేసారి తీసుకోవడానికి, ఎన్ని రోజులు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టడానికి నిర్మాణ శాఖ ఆధారపడింది ఆ ప్రతి మీదే. ఇల్లు కట్టే మేస్త్రీకి ప్లాను ఎలాంటిదో షూటింగుకు అది అలాంటిది. కథ రాసేవారు, కంటిన్యుటీ కట్టేవారు, టైటిల్ కార్డులు రాసేవారు ముగ్గురూ వేరు వేరు మనుషులైన సందర్భాలు చాలా ఉన్నాయి, మూడు పనులూ ఒక్కరే చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఈ మూడింటిలోనూ స్త్రీలు పెద్ద సంఖ్యలో పనిచేశారు.

మాటల్లేకుండా కథ నడపడం ఎలాంటిదో చూడడానికి 1912లో బయోగ్రాఫ్ కంపెనీ విడుదల చేసిన ‘ద న్యూయార్క్ హ్యాట్’ మంచి ఉదాహరణ. కథ అనీటా లూస్‌ది, దర్శకుడు డి. డబ్ల్యు. గ్రిఫిత్. కాలిఫోర్నియాలో ఉంటూ పోస్టులో పంపిన ఆ కథకు ఆమెకు ముట్టింది 25 డాలర్లు. పిసినారి భర్త చేతిలో నలిగిపోయిన ఒక తల్లి చనిపోతూ, కొంచెం డబ్బూ ఒక ఉత్తరమూ ఊరి పాస్టరు చేతికి అందేలా చేస్తుంది. తన కూతురికి అప్పుడప్పుడూ ఏదైనా ముచ్చటైన వస్తువు కొనిపెట్టమని ఆ ఉత్తరంలో కోరుతుంది. దుకాణంలో పది డాలర్ల న్యూయార్క్ టోపీని ఆ పిల్ల ఆశగా చూడడం పాస్టరు గమనించి కొనిస్తాడు. ఆమె దాన్ని పెట్టుకుని చర్చికి వెళ్లేసరికి ఊరి అమ్మలక్కల నోళ్లు ఊరుకోవు. తండ్రి టోపీని నాశనం చేస్తాడు, చర్చి పెద్దలు పాస్టరును నిలదీస్తారు, అప్పుడు ఉత్తరం బయటికి వస్తుంది. మేరీ పిక్‌ఫర్డ్, లయొనెల్ బారీమోర్ నటించిన ఈ చిత్రంలో కథనంతా మోసేవి టోపీ, ఉత్తరం అనే రెండు వస్తువులే. ఉత్తరంలో ఏముందో ప్రేక్షకుడికి మొదటి నుంచీ తెలుసు, ఊరికి తెలియదు. టోపీ అందరికీ కనిపిస్తుంది, దాని వెనక ఉన్న కారణం ఎవరికీ కనిపించదు. ఊరి గుసగుసలు మనకు వినపడనక్కర్లేదు, తలలు దగ్గరికి చేరడం కనిపిస్తే చాలు. ఈ ఏర్పాటు నటుల ప్రతిభ వల్లనో కెమెరా వల్లనో వచ్చింది కాదు, అది కథ కట్టిన పద్ధతిలోనే ఉంది. మూకీ రచయిత ఏం రాసేవారన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

టైటిల్ కార్డుల రచనను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, అది అన్యాయం. నటుడు డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ హాస్య చిత్రాలకు లూస్ రాసిన కార్డులకు జనం విరగబడి నవ్వేవారు. అంతవరకు కార్డు పని ‘మరుసటి రోజు’ అనో ‘పదేళ్ల తర్వాత’ అనో తెలియజేయడమే. లూస్ దాన్ని కథ పక్కన నిలబడి వ్యాఖ్యానం చేసే గొంతుగా మార్చారు. గ్రిఫిత్ 1916లో తీసిన ‘ఇన్‌టాలరెన్స్’కు కూడా కార్డులు ఆమె రాసినవే. 1927 నాటి ‘సన్‌రైజ్’లో కార్డులు కేథరీన్ హిల్లికర్, హెచ్. హెచ్. కాల్డ్‌వెల్ జంటవి. పట్నం నుంచి వచ్చిన స్త్రీ ఒక పల్లెటూరి రైతుతో, నీ భార్య నీళ్లలో మునిగిపోతే సరిపోదా అని సూచించే చోట కార్డు మీది అక్షరాలే కిందికి జారిపోతూ మునిగిపోతాయి. ఆస్కార్‌గా మనం పిలిచే అవార్డులు 1929లో మొదటిసారి ఇచ్చినప్పుడు టైటిల్ రచనకు ప్రత్యేకంగా ఒక బహుమతి ఉండేది. మరుసటి ఏడాదికే దాన్ని ఎత్తేశారు. అలా ఒక వృత్తి మొత్తం రెండు మూడేళ్లలో కనుమరుగైంది.

ఇక స్త్రీలు ఈ రంగంలోకి ఎలా వచ్చారన్నది. ఇందులో ఉదారత ఏమీ లేదు. సినిమా అప్పటికి గౌరవం లేని వ్యాపారం, అందులో రచన ఇంకా గౌరవం లేని పని. డిగ్రీలు అడిగేవారు లేరు, సంఘాలు లేవు, ఇంట్లో కూర్చుని రాసి పోస్టులో పంపవచ్చు, నచ్చితే ఐదో పదో పాతికో డాలర్లు ఇస్తారు. హాలుకు వచ్చే ప్రేక్షకుల్లో స్త్రీలు ఎక్కువగా ఉండడం, మర్యాదస్తుల కుటుంబాలను రప్పించుకోవాలని యజమానులు తహతహలాడడం కూడా కలిసొచ్చాయి. వచ్చినవారు కూడా రకరకాల దారుల్లో వచ్చారు. ఫ్రాన్స్‌లో ఆలిస్ గీ 1890లలో గోమోన్ కంపెనీలో సెక్రటరీగా చేరి, 1896 నుంచే కథా చిత్రాలు రాసి తీశారు. తర్వాత అమెరికా వెళ్లి, 1910లో సోలాక్స్ అనే సొంత కంపెనీ పెట్టారు. జీనీ మెక్‌ఫర్సన్, బెస్ మెరెడిత్, జూన్ మాథిస్ నటన నుంచి వచ్చారు. ఫ్రాన్సెస్ మేరియన్ చిత్రకారిణిగా, పత్రికల్లో పనిచేసి వచ్చారు. ఆమెకు స్టూడియోలో తొలి పని ఇచ్చింది మరో స్త్రీ, లోయిస్ వెబర్. తన కథలు తానే రాసుకుని దర్శకత్వం వహించిన వెబర్ 1916 నాటికి యూనివర్సల్ కంపెనీలో అందరికంటే ఎక్కువ జీతం తీసుకునే దర్శకురాలు. చైనా మూలాలున్న మారియన్ వాంగ్ కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో 1916, 1917 ప్రాంతంలో తన కుటుంబ సభ్యులను కలుపుకొని ఒక పూర్తి నిడివి సినిమా రాసి, తీశారంటే ఆ రోజుల్లో తలుపులు ఎంత బార్లా తెరిచి ఉండేవో ఊహించుకోవచ్చు.

ఈ చరిత్ర మలుపులను రెండు ‘బెన్ హర్’ సినిమాల ద్వారా చెప్పుకోవడం నాకు అలవాటు. 1959 నాటిది మన ఊళ్లలో కూడా చాలామంది చూశారు కాబట్టి కథ పరిచయం చేయనక్కర్లేదు. కానీ దానికి ముందు రెండు మూకీలు ఉన్నాయి. మొదటిది 1907లో కేలమ్ కంపెనీ తీసిన ఒక్క రీలు చిత్రం. రాసినవారు జీన్ గాంటియర్, ఆ కంపెనీ నటి కూడా. లూ వాలెస్ 1880లో ప్రచురించిన అంత లావు నవలను ఆమె కొన్ని దృశ్యాలకు కుదించారు, రథాల పందేన్ని న్యూయార్క్‌లోని షీప్స్‌హెడ్ బే పందెపు మైదానంలో తీసుకొచ్చారు. నవల హక్కుల గురించి ఎవరినీ అడగలేదు. అప్పట్లో ఎవరూ అడిగేవారు కాదు, పేరున్న ప్రతి నవలా, ప్రతి నాటకమూ అలాగే రీళ్లకెక్కేవి. ప్రచురణకర్తలు హార్పర్ బ్రదర్స్, వాలెస్ వారసులు దావా వేశారు. అది అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1911లో కేలమ్ ఓడిపోయింది. నవలను సినిమాగా చూపించడం కూడా దాన్ని నాటకంగా ఆడడం లాంటిదేనని, అందుకు రచయిత అనుమతి తప్పనిసరని జస్టిస్ హోమ్స్ రాసిన తీర్పు తేల్చింది. కేలమ్ 25,000 డాలర్లు చెల్లించి బయటపడింది.

ఆ తీర్పు రచయిత్రులకు మొదట మేలే చేసింది. ఊరికే దొరికే నవలలు ఆగిపోయాయి కనుక సొంత కథలకు గిరాకీ పెరిగింది, కథా విభాగాలు విస్తరించాయి, సినేరియో రాయడం నేర్పే పుస్తకాలూ పోస్టు ద్వారా నడిచే కోర్సులూ పుట్టుకొచ్చాయి. లూస్ కూడా భర్త జాన్ ఎమర్సన్‌తో కలిసి 1920లో అలాంటి పుస్తకం ఒకటి వేశారు. అయితే అదే తీర్పు నీడలో మరో భయం కూడా పెరిగింది. బయటి నుంచి వచ్చిన కథ చదివి తిప్పి పంపాక, అలాంటి కథే స్టూడియో తీస్తే దొంగిలించారని దావా పడుతుంది. అందుకని 1920ల నాటికి పెద్ద స్టూడియోలు అడగకుండా వచ్చే రాతప్రతులను తెరవకుండానే తిప్పి పంపడం మొదలుపెట్టాయి. దాంతో ఊళ్లో కూర్చుని పోస్టులో కథ పంపే కొత్తవారి దారి మూసుకుపోయింది. ఆ దారిలోనే లూస్ వచ్చారని గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లో రచయిత్రి ఎంత ఎత్తుకు ఎదగగలిగిందో చెప్పడానికి ఫ్రాన్సెస్ మేరియన్ ఒక్కరి ప్రస్థానం చాలు. 1917లో పిక్‌ఫర్డ్ కోసం ఆమె రాసిన ‘ద పూర్ లిటిల్ రిచ్ గర్ల్’లో ఇరవై నాలుగేళ్ల నటి పదకొండేళ్ల పిల్లగా నటించింది. పిల్ల చిన్నగా కనిపించడానికి కుర్చీలూ బల్లలూ మామూలు కంటే పెద్దవిగా చేయించారు. మధ్యలో పెట్టిన అల్లరి దృశ్యాలు స్టూడియో పెద్దలకు నచ్చలేదు, విడుదలయ్యాక జనానికి విపరీతంగా నచ్చాయి. మరుసటి ఏడాది ‘స్టెల్లా మారిస్’లో పిక్‌ఫర్డ్‌ది ద్విపాత్రాభినయం. మంచం దిగలేని ధనవంతుల పిల్ల ఒకరు, అనాథాశ్రమం నుంచి వచ్చిన అందంలేని పనిపిల్ల మరొకరు. మన ద్విపాత్రాభినయాల్లో కథానాయకులు ఒకరినొకరు చూసి ఆశ్చర్యపోవడమే ప్రధాన ఆకర్షణ అవుతుంది. ఇక్కడ పోలికను కథకు వాడుకోలేదు, ఒకే ముఖానికి రెండు జీవితాలు ఇచ్చి ఊరుకున్నారు. నా దృష్టిలో మేరియన్ అత్యుత్తమ మూకీ రచన మాత్రం 1928 నాటి ‘ద విండ్’. డొరొతీ స్కార్‌బరో నవల ఆధారంగా విక్టర్ షోస్ట్రోమ్ దర్శకత్వంలో లిలియన్ గిష్ నటించిన ఈ చిత్రంలో, ఎడారి గాలికి హడలిపోయే లెటీ అనే యువతి గతిలేక ఒక పశువుల కాపరిని పెళ్లాడుతుంది. పెళ్లిరాత్రి అతను ఇచ్చిన కాఫీని ఆమె అతనికి తెలియకుండా పారబోస్తుంది. తర్వాత తలుపుకు అటు అతని పాదాలు, ఇటు ఆమె పాదాలు పచార్లు చేయడం మాత్రమే కనిపిస్తుంది. మాటలున్న సినిమాలో ఈ దృశ్యానికి రెండు పేజీల సంభాషణ రాసి ఉండేవారు, అంత బలంగా వచ్చేది కాదు.

ఇప్పుడు రెండో ‘బెన్ హర్’. మెట్రో కంపెనీలో కథా విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు జూన్ మాథిస్ 1921 నాటి ‘ద ఫోర్ హార్స్‌మెన్ ఆఫ్ ది అపోకలిప్స్’ రాశారు. రెక్స్ ఇంగ్రామ్‌ను దర్శకుడిగా పెట్టాలని, చిన్న చిన్న వేషాలు వేసుకుంటున్న రుడాల్ఫ్ వలెంటినో అనే కుర్రాడిని ముఖ్యపాత్రకు తీసుకోవాలని పట్టుబట్టి సాధించినవారు ఆమే. అతను దానితో ప్రపంచ ప్రఖ్యాత తార అయ్యాడు. ఆ పలుకుబడితోనే గోల్డ్‌విన్ కంపెనీ తమ అత్యంత ఖరీదైన ప్రాజెక్టు ‘బెన్ హర్’ను ఆమె చేతిలో పెట్టింది. స్క్రీన్‌ప్లే ఆమెది, దర్శకుడి ఎంపిక ఆమెది, కథానాయకుడి ఎంపిక ఆమెది. 1924లో ఇటలీలో షూటింగు మొదలైంది, ఇబ్బందుల పాలైంది. సరిగ్గా ఆ ఏడాదే మెట్రో, గోల్డ్‌విన్‌లతో సహా మూడు సంస్థలు విలీనమై ఎమ్‌జీఎమ్ ఏర్పడింది. కొత్త యాజమాన్యం మాథిస్‌నూ, ఆమె ఎంచుకున్న దర్శకుడు చార్లెస్ బ్రేబిన్‌నూ, నాయకుడు జార్జ్ వాల్ష్‌నూ తప్పించింది. మాథిస్ 1927లో న్యూయార్క్‌లో ఒక నాటకం చూస్తూ ప్రేక్షకుల మధ్యే కుప్పకూలి చనిపోయారు. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు. అంతకు ఏడాది ముందు మరణించిన వలెంటినోకు సమాధి స్థలం ఇచ్చింది ఆమే. ఇద్దరూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నారు.

మాథిస్ స్థానంలో రచనకు వచ్చినవారు కూడా ఒక స్త్రీయే, బెస్ మెరెడిత్. 1925 డిసెంబరులో విడుదలైన ఆ చిత్రానికి కార్డులు రాసిన జంటలోనూ ఇందాక చెప్పిన హిల్లికర్ ఉన్నారు. అంటే స్త్రీలను రచన నుంచి తరిమేశారని కాదు. రాత ఇంకా స్త్రీ చేతిలోనే ఉంది, కానీ ఎవరు దర్శకత్వం వహించాలి, ఎవరు నటించాలి, ఎంత ఖర్చు పెట్టాలి అని చెప్పగలిగే కుర్చీలో ఇక ఆమె లేదు. బ్యాంకుల పెట్టుబడి వచ్చింది, నిర్మాణమూ, పంపిణీ, హాళ్లూ ఒకే గొడుగు కిందికి చేరాయి, చిన్న కంపెనీలు మూతపడ్డాయి. సోలాక్స్ లాంటివి అప్పటికే పోయాయి. సినిమా లాభసాటి పరిశ్రమగా గౌరవం సంపాదించిన కొద్దీ దాని పెత్తనం మగవారి చేతుల్లోకి వెళ్లింది. ఇదంతా టాకీలు రావడానికి మూడు నాలుగేళ్ల ముందు సంగతి.

మాటలు రాయడం చేతకాక వెనకబడ్డారన్న ఊహకు మేరియన్ జీవితమే సమాధానం. గ్రెటా గార్బో తొలి టాకీ, 1930 నాటి ‘అన్నా క్రిస్టీ’కి స్క్రీన్‌ప్లే ఆమెదే. అదే ఏడాది జైలు జీవితం మీద రాసిన ‘ద బిగ్ హౌస్’కు ఆస్కార్ వచ్చింది. ఆ కథ కోసం ఆమె శాన్ క్వెంటిన్ జైలుకు వెళ్లి ఖైదీల తీరునూ వాళ్ల మాటనూ దగ్గర్నుంచి గమనించారు. రచనకు ఆస్కార్ అందుకున్న తొలి మహిళ ఆమే. 1931 నాటి ‘ద చాంప్’కు రెండోది వచ్చింది. 1933లో స్క్రీన్ రైటర్స్ గిల్డ్ ఏర్పడినప్పుడు తొలి ఉపాధ్యక్షురాలయ్యారు. ఇంత ఉన్నా, 1930లు సాగేకొద్దీ ఒక్కో స్క్రీన్‌ప్లే మీద నలుగురైదుగురిని పెట్టి రాయించే ఫ్యాక్టరీ పద్ధతి వచ్చి, తన రాత తెర మీదికి తాననుకున్నట్టు వెళ్లేలా చూసే వీలు పోయిందన్నది ఆమె అసంతృప్తి.

‘సగం మంది’ అన్న మాటకు వద్దాం. 1911, 1925 మధ్య అమెరికాలో కాపీరైటు నమోదైన సినిమాల్లో సగం స్త్రీలు రాసినవేనన్న వాక్యం ఎన్నో వ్యాసాల్లో తిరుగుతూ ఉంటుంది. నేనైతే విద్యార్థులకు ఆ లెక్క చెప్పను. ఎక్కువ తక్కువల వాదన పక్కన పెట్టండి, లెక్క కట్టడానికి ఆధారాలే కుదురుగా లేవు. తొలి పదేళ్ల చిత్రాల్లో పేర్లే వేసేవారు కాదు. వేసిన కాలంలోనూ కథ ఒకరిది, కంటిన్యుటీ ఒకరిది, కార్డులు ఒకరివి అయినప్పుడు ‘రాసింది’ ఎవరని లెక్కించాలి? లూస్ విషయంలో భర్త ఎమర్సన్ పేరు తనది కాని రాతకు కూడా పక్కన చేరేదని ఆమే తర్వాత చెప్పుకొచ్చారు. ఆలిస్ గీ తన పేరు గోమోన్ చరిత్రల్లో లేకపోవడం చూసి, తన చిత్రాలు తనవేనని నిరూపించుకోవడానికి ముసలితనమంతా వెచ్చించారు. ఆమె జ్ఞాపకాలు అచ్చయింది 1976లో, ఆమె చనిపోయిన ఎనిమిదేళ్లకు. వీటన్నిటికీ మించి, చిత్రాలే మిగల్లేదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వెలువరించిన అధ్యయనం ప్రకారం 1912, 1929 మధ్య అక్కడ తయారైన దాదాపు 11,000 పూర్తి నిడివి మూకీల్లో అసలు రూపంలో మిగిలినవి 14 శాతం మాత్రమే, సుమారు 70 శాతం పూర్తిగా పోయాయి. వందల సంఖ్యలో స్త్రీలు ఈ వృత్తిలో బతికారన్నది మాత్రం నిస్సందేహం. కొలంబియా విశ్వవిద్యాలయం నడుపుతున్న ‘విమెన్ ఫిల్మ్ పయనీర్స్ ప్రాజెక్ట్’ వెబ్‌సైటులో వారి వివరాలు ఒక్కొక్కరివిగా ఉచితంగా చదువుకోవచ్చు.

పేరు ఉండి కూడా అన్యాయం జరిగిన సందర్భం జర్మనీలో ఉంది. ‘మెట్రోపోలిస్’ అనగానే దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ పేరు చెబుతాం. నవల, స్క్రీన్‌ప్లే రెండూ అప్పటి ఆయన భార్య థియా ఫాన్ హార్బౌవి. ‘డాక్టర్ మబూసె’, ‘నీబెలుంగెన్’, ‘వుమన్ ఇన్ ద మూన్’ల రచనలోనూ ఆమెదే ప్రధాన పాత్ర. 1927 జనవరిలో బెర్లిన్‌లో విడుదలైన ‘మెట్రోపోలిస్’లో నచ్చిన దృశ్యాలన్నీ లాంగ్ ఖాతాలో, మెదడుకూ చేతులకూ మధ్య హృదయం ఉండాలన్న అమాయకపు సందేశం హార్బౌ ఖాతాలో వేయడం విమర్శకులకు ఆనవాయితీ అయింది. లాంగ్ కూడా ఆ ఆనవాయితీకి అడ్డు చెప్పలేదు. ఆమె తర్వాత నాజీ పార్టీలో చేరడం వల్ల సమర్థించేవారు కూడా లేకపోయారు. ఆ రాజకీయాలను నేనూ సమర్థించను, కానీ రచన ఎవరిదన్న లెక్క వేరు. ఈ చిత్రానికే మరో పాఠం ఉంది. అమెరికాలో విడుదల చేసినప్పుడు పారమౌంట్ వారు చానింగ్ పొలాక్ చేత కార్డులు తిరగరాయించి, హెల్ అనే మరణించిన స్త్రీ పాత్రను మొత్తంగా తీసేశారు. ఆ పేరు ఇంగ్లీషులో నరకంలా వినిపిస్తుందట. దాంతో కథలోని నగర యజమానీ శాస్త్రవేత్తా ఒకరి మీద ఒకరు ఎందుకు పగబట్టారో, ఆ శాస్త్రవేత్త యంత్రస్త్రీని ఎందుకు తయారు చేశాడో అర్థం కాకుండా పోయింది. 2008లో బ్యూనస్ ఐరిస్‌లో దాదాపు పూర్తి ప్రతి దొరికి, 2010లో పునరుద్ధరించాకే ఆమె కట్టిన కథ మళ్లీ తెలిసింది. మనవారికి ఆసక్తి కలిగించే విషయం ఒకటి చెప్పాలి. లాంగ్‌తో విడిపోయాక హార్బౌ పెళ్లాడింది బెల్గాం ప్రాంతానికి చెందిన అయి టెండూల్కర్ అనే భారతీయ పాత్రికేయుడిని.

మన దేశం విషయానికి వస్తే పరిస్థితి పూర్తిగా వేరు. 1913లో ఫాల్కే తీసిన ‘రాజా హరిశ్చంద్ర’లో తారామతి వేషం కూడా సాలుంకే అనే పురుషుడు వేశాడు. తెర మీదికే స్త్రీలు రాని చోట తెర వెనక రచనకు వచ్చే ప్రశ్న లేదు. ఆ గోడ బద్దలు కొట్టినవారిలో ఫాత్మా బేగం ముఖ్యులు. 1922లో ‘వీర్ అభిమన్యు’లో నటించి, 1926లో సొంత సంస్థ పెట్టి, ‘బుల్బుల్-ఎ-పరిస్తాన్’కు దర్శకత్వం వహించి, దేశంలో తొలి మహిళా దర్శకురాలయ్యారు. ఆమె కూతురు జుబేదాయే 1931 నాటి తొలి టాకీ ‘ఆలం ఆరా’లో కథానాయిక. ‘బుల్బుల్-ఎ-పరిస్తాన్’ ప్రతి ఇప్పుడు లేదు. తెలుగువారి మూకీ ప్రస్థానం మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’తో మొదలవుతుంది. అందులో గంగ పాత్ర వేసినది పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్ల యువతి. తెలుగులో అప్పటికే స్త్రీలు కథలు రాస్తున్నారు. 1902 నాటికే భండారు అచ్చమాంబ కథలు అచ్చయ్యాయి, ‘హిందూ సుందరి’ లాంటి పత్రికలు నడిచాయి. అమెరికాలో పత్రికల్లో కథలు రాసేవారికి స్టూడియో కథా విభాగం దగ్గరి దారి అయింది. ఇక్కడ సినిమా పౌరాణికాల మీద, నాటక సమాజాల మీద ఆధారపడి నడిచింది కాబట్టి పత్రికల్లోని రచయిత్రికీ స్టూడియోకూ మధ్య దారే పడలేదు. భానుమతి 1953లో ‘చండీరాణి’ కథ రాసి దర్శకత్వం వహించేదాకా తెలుగు తెరకు అలాంటి ఉదాహరణ కోసం ఆగాల్సి వచ్చింది.

ఎక్కడ మొదలుపెట్టాలని కూడా అడిగారు కాబట్టి నా సలహా చెబుతాను. ముందు ‘ద న్యూయార్క్ హ్యాట్’ చూడండి, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, పావుగంట చాలు. తర్వాత లోయిస్ వెబర్ 1916లో తీసిన ‘షూస్’. వారానికి ఐదు డాలర్ల జీతంతో, మంచం మీద పుస్తకాలు చదువుకుంటూ పడుకునే తండ్రితో సహా ఇంటిల్లిపాదినీ పోషించే దుకాణపు అమ్మాయి, అరిగిపోయిన బూట్లలో అట్టముక్కలు కత్తిరించి పెట్టుకునే దృశ్యాన్ని శ్రద్ధగా గమనించండి. మూడోది ‘ద విండ్’. ‘మెట్రోపోలిస్’ చూడాలనుకుంటే 2010 నాటి పునరుద్ధరించిన ప్రతినే చూడండి, పాత కుదింపు ప్రతులు ఇంకా చలామణిలో ఉన్నాయి. ఏది చూసినా సంగీతం ఆపేసి ఒక పది నిమిషాలు, షాటు తర్వాత షాటు ఎందుకు వచ్చిందో కాగితం మీద రాసుకుంటూ చూడండి. కంటిన్యుటీ రాసినవారి పని అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.